మాట వినే ప్రేమ

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: యోహాను సువార్త 14వ అధ్యాయము 15 నుండి 24 వచనములు)

 పొలానికి బయలుదేరే ముందు రేడియో పెట్టుకున్న అన్నలకు, పొయ్యి ముందు కూర్చుని వింటున్న తల్లులకు, ఆసుపత్రి మంచము మీద ఉన్నవారికి, తరువాత ఎప్పుడో ఈ మాటలను పత్రికలో చదువబోయే మీకు కూడా దేవుని కృప తోడైయుండును గాక.

నేను కడప జిల్లా పులివెందుల దగ్గర తుమ్మలపల్లె ప్రాంతపు వాడిని. మా వైపు చీనీ తోటలు, అరటి తోటలు ఉన్నవి. వాన కురిస్తే శనక్కాయ పంట, కురవకపోతే బోరు. ఆ నేల కింద యురేనియం ఉన్నదని తెలిసిన తరువాత 2007లో అక్కడ గనికి శంకుస్థాపన జరిగినది. ఇప్పుడు తుమ్మలపల్లె పేరు చెబితే పైవాళ్ళకు మొదట గుర్తుకొచ్చేది ఆ గనియే. ఈ ఉదయము నేను చెప్పబోయే సంగతిలో ఆ గని రెండుసార్లు వస్తుంది. అందుకని ముందుగానే చెబుతున్నాను.

బైబిలు దగ్గర ఉంటే యోహాను సువార్త 14వ అధ్యాయము తెరవండి. 15వ వచనము చూడండి. అది ఏ రాత్రి పలికిన మాట? ప్రభువు అప్పగింపబడిన రాత్రి. యూదా అప్పటికే లేచి చీకటిలోకి వెళ్ళిపోయాడు. కోడి కూయకముందే నన్ను ఎరుగనంటావని పేతురుకు చెప్పడం కూడా అయిపోయినది. రొట్టె విరిచిన చేతులు ఇంకా బల్ల మీదనే ఉన్నవి. అటువంటి సమయములో ప్రభువు ప్రేమ గురించి మాట్లాడుతున్నాడు. ప్రేమ అన్న నోటితోనే, ఊపిరి తీసుకోకుండా, ఆజ్ఞలు అంటున్నాడు. 15లో ఒకసారి, 21లో ఒకసారి, 23లో ఒకసారి, 24లో దానినే తిరగవేసి ఇంకొకసారి. నన్ను ప్రేమించేవాడు నా మాట పట్టుకుంటాడు, పట్టుకోనివాడు నన్ను ప్రేమించడం లేదు అని దాని భావము.

మనకు ఈ రెండు మాటలు ఒకచోట ఇమడవు. ప్రేమ అంటే మెత్తనిది, ఆజ్ఞ అంటే గట్టిది. ప్రేమ అమ్మ దగ్గర దొరుకుతుంది, ఆజ్ఞ పోలీసు స్టేషనులో దొరుకుతుంది. అందుకే సంఘములో కూడా మనము రెండు జట్లుగా చీలిపోయినాము. ఒక జట్టు, దేవుడు ప్రేమాస్వరూపి, ఆయన మన హృదయమును చూస్తాడు, ఈ నియమములు ఎందుకండి అంటుంది. రెండవ జట్టు ఆదివారము ఎవరు రాలేదు, ఉపవాసము ఎవరు తప్పినారు, దశమ భాగము ఎవరు ఎగవేసినారు అని లెక్క వ్రాసుకుంటుంది. నిజము చెప్పాలంటే నేను చాలాకాలము ఆ రెండవ జట్టులో ఉన్నవాడిని. ఆ సంగతికి తరువాత వస్తాను.

మన తెలుగు బైబిలులో ఈ వచనములో ఉన్న క్రియను ఒకసారి నిదానముగా చూడండి. "గైకొందురు" అని ఉన్నది. గైకొనుడి అని లేదు. గ్రీకు ప్రతులలో కొన్నిటిలో ఈ మాట ఆజ్ఞాపిస్తున్నట్టు ఉన్నది, కొన్నిటిలో జరగబోయేదానిని చెబుతున్నట్టు ఉన్నది. రెండింటికి నడుమ ఒక్క అక్షరమే భేదము. వేదాంత కళాశాలలో మా అధ్యాపకులు ఆ ఒక్క అక్షరము మీద గంటసేపు మాట్లాడినప్పుడు మేము వెనుక బల్లలో కూర్చుని కునికిపాట్లు పడ్డాము. ఇరవై ఏండ్ల తరువాత దాని విలువ తెలిసినది. మన పెద్దలు తెలుగు చేసిన వచనములో ప్రభువు బెదిరించడం లేదు. చెట్టు నాటినవాడు, ఇది బతికితే కాయ కాస్తుంది అని చెప్పినట్టుగా చెబుతున్నాడు.

ఇంకొకటి. గైకొను అనే మాట పూర్వము కైకొను. కై అంటే చెయ్యి. చేతిలోకి తీసుకొనుట అని అర్థము. ఆజ్ఞను చెవితో విని వదిలివేయుట కాదు, చేతిలోకి తీసుకొనుట. మన ఇండ్లలో మాట్లాడే తెలుగులో అయితే దీనికి ఇంకా మంచి మాట ఉన్నది. మీ పిల్లవాడు అవిధేయుడైతే మీరు ఇరుగుపొరుగు వారితో ఏమంటారు? "వాడు మాట వినడు" అంటారు. వాడి చెవులు బాగానే ఉన్నవి! అయినా వినడు అంటారు. మన భాషలో వినడము, లోబడడము ఒక్కటే మాట. హెబ్రీ భాషలో కూడా అంతే. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో ఇశ్రాయేలీయులను పిలిచిన ఆ మొదటి మాట షెమా, అంటే విను. అది విన్నావా అని అడగడము మాత్రమే కాదు, మాట విను అని చెప్పడము. ఆ వెంటనే వచ్చే మాట ఏమిటి? నీ దేవుడిని పూర్ణ హృదయముతో ప్రేమించు అని. వినడము, ప్రేమించడము పక్కపక్క వచనములలో ఉన్నవి.

మా సంఘములో గనిలో పని చేసే ఒక తమ్ముడు ఉన్నాడు. ఒకరోజు ప్రార్థన అయిన తరువాత మా ఇంటి అరుగు మీద కూర్చుని ఈ వచనము గురించే నన్ను అడిగినాడు. నేను ఏదో పుస్తకములో ఉన్నట్టు చెప్పబోయినాను. అతనే నాకు చెప్పినాడు. "అయ్యగారూ, నేను గనిలో చేరిన కొత్తలో హెల్మెట్టు పెట్టుకుంటే తల ఉడికిపోయేది. సూపర్‌వైజరు అటు పోతానే తీసేస్తాంటి. పైన బోల్టులు కొట్టని చోటికి పోవద్దంటే, ఎవరూ చూడకపోతే అడ్డము పడి పోతాంటి. మా పాప పుట్టినాక ఎవరూ చెప్పకుండానే పెట్టుకుంటాండ. ఆ పాప మొగము గుర్తొస్తుంది."

హెల్మెట్టు మారలేదు, నియమము మారలేదు. పుస్తకములో ఒక అక్షరము కూడా మారలేదు. ఇదివరకు అది సూపర్‌వైజరు నియమము. ఇప్పుడు అది తన బిడ్డ కోసము. బరువు కూడా తగ్గలేదు సుమా. తల ఇప్పుడూ ఉడుకుతుంది. యోహాను తన మొదటి పత్రిక 5వ అధ్యాయములో దేవుని ఆజ్ఞలు భారమైనవి కావు అని వ్రాసినప్పుడు, వాటికి బరువే లేదని చెప్పలేదు. బిడ్డను చంకన ఎత్తుకుని ఎండలో మూడు మైళ్ళు నడిచే తల్లిని అడగండి, బరువా అమ్మా అని.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న ఉన్నది. మన ఊళ్ళలో బయటివారు మనలను తరచుగా అడిగేదే. "మీరు ఏమి ఆశించి ఆ మతములో చేరినారు? గోధుమ పిండి ఇచ్చినారా? పాలపొడి ఇచ్చినారా? మీ పిల్లలకు హాస్టలు ఇచ్చినారా?" అని. ఆ మాటకు మనకు కోపము వస్తుంది. కోపము పక్కన పెట్టి ఆలోచిస్తే అది చాలా మంచి ప్రశ్న. మేలు దొరుకుతుందని లోబడేది ప్రేమ అవుతుందా? దెబ్బలు పడతాయని లోబడేది ప్రేమ అవుతుందా?

ఈ ప్రశ్న మన తెలుగు నేల మీద ఒకసారి చాలా పెద్దగా వచ్చినది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. మన పెద్దలు దానిని ధాతు కరువు అన్నారు. కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు జిల్లాలలో మనుషులు దారి పక్కన పడి చచ్చిపోయినారు. మన కడప జిల్లాలో 1822 నుండి లండన్ మిషన్ వారు పని చేస్తూ ఉన్నారు. అటు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొరగారు ఉన్నారు. ఆయనకు మిషనరీ కాకముందు భూములు కొలిచే సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి కూలి ఇచ్చినారు. వేలమంది వచ్చినారు. తవ్వే గుంటల దగ్గరే బోధకులు కూర్చుని వారికి సువార్త చెప్పినారు. విన్నవారు బాప్తిస్మము ఇవ్వమని అడిగినారు.

క్లౌగారు ఇవ్వలేదు! ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు.

మీలో కొందరు కాపరులు ఈ మాటలు వింటూ ఉండవచ్చు. మనము ఏమి చేసి ఉండేవాళ్ళము? లెక్క వ్రాసి, ఫోటో తీసి, పత్రికకు పంపి ఉండేవాళ్ళము. ఆయన అనుకున్నది ఒక్కటే. కూలి ఇచ్చే చెయ్యి, బాప్తిస్మమిచ్చే చెయ్యి ఒక్కటే అయినప్పుడు, వీరు ఎవరి కోసము వస్తున్నారో వీరికే తెలియదు. కరువు తగ్గి, సహాయము ఆగిపోయిన తరువాత చూద్దాము అన్నాడు.

సహాయము ఆగిపోయినది. జనము ఆగలేదు. ఇక మీ దగ్గర డబ్బు అడగము, బతికితే బతుకుతాము, చస్తే చస్తాము, మమ్మును చేర్చుకోండి అనే భావముతో వచ్చి నిలబడినారు. 1878 జులై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చినారు. బోధకులు వంతులవారీగా నీటిలో దిగి ఇచ్చినారు. ఈ అంకె మనము తరచుగా వింటాము. నాకైతే ఆ అంకె కంటే దానికి ముందు ఖాళీగా ఉన్న ఆ ఏడాది గొప్పగా కనబడుతుంది.

తరువాత వారికి ఏమి దొరికినది? కష్టము దొరికినది. క్లౌగారు మొదటి నుండి విశ్వాసులకు మూడు నియమములు పెట్టినారు. ఆదివారము పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసము తినకూడదు. విగ్రహములకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. వారు ఎవరు? ఎక్కువమంది మాదిగవారు. ఊరి గొడ్డు చస్తే ఈడ్చవలసినది వారే, తోలు తీయవలసినది వారే. జాతరలో డప్పు కొట్టవలసినది వారే. కోతల కాలములో ఆదివారమని లేదు, అమావాస్య అని లేదు, పిలిస్తే పోవలసిందే. ఆ మాంసము తినడము వారి చెడుతనము కాదు, ఊరు వారికి మిగిల్చిన కూడు అది. ఈ మాట నేను కావాలనే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పటికి కూడా మన సంఘాలలో కొందరు ఆ మాట ఎత్తి నవ్వుతారు. అటువంటివారు ఆదివారము రాము, డప్పు పట్టము అన్నప్పుడు ఊరు ఊరుకుంటుందా? పని ఆపినారు. కూలి ఆపినారు. నీళ్ళు ఆపినారు. కొట్టినారు. వారికి గ్రీకు తెలియదు, చాలామందికి అక్షరాలే రావు. అయినా ఆ మూడు మాటలను చేతిలోకి తీసుకున్నారు. ఆ చేతులు కాలినా వదలలేదు.

ఇది లోబడడమా, ఎదురు తిరగడమా? ప్రభువుకు లోబడినందున ఊరి పెద్దకు లోబడలేకపోయినారు. ప్రియులారా, విధేయత అనే మాట మా కడప జిల్లాలో చాలా జాగ్రత్తగా వాడవలసిన మాట. మాకు విధేయత తక్కువై కష్టాలు రాలేదు. నాయకుడు చెబితే ఎందుకని అడగకుండా పోయి నరికి, జైలుకు పోయిన విధేయులు మాకు ఉన్నారు. బాంబు చేతిలో పట్టుకున్నవారు కూడా, అన్న మాట జవదాటము అనే అన్నారు. వారి భార్యలు తెల్ల చీర కట్టుకున్నారు. కాబట్టి విధేయత దానంతట అదే పుణ్యము కాదు. ఎవరి మాట వింటున్నావు అన్నదే దానికి ప్రాణము. నీ శత్రువును ప్రేమించు అన్నవాని మాట వింటున్నావా, నీ శత్రువు ఇంటి దీపము ఆర్పు అన్నవాని మాట వింటున్నావా? అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో పేతురు, మిగిలిన అపొస్తలులు మహాసభ ముందు నిలబడి మనుషుల కంటే దేవునికే లోబడాలని చెప్పినారు. భార్యను కొట్టి, వాక్యము ప్రకారము నాకు లోబడు అనే భర్త ఎవరైనా ఇది వింటూ ఉంటే ఆయనకు కూడా ఒక మాట. అయ్యా, మీరు చదివిన ఎఫెసీయుల పత్రికలో ఇంకా కిందికి చదవండి, క్రీస్తు సంఘము కొరకు ఏమి చేశాడో. దైవజనుడను, నా మాటకు తిరుగులేదు అనే నాతోటి కాపరులకు నేను చెప్పేది ఏమీ లేదు. వారు ఎట్లాగూ వినరు.

ఇక నా సంగతి. చెప్పకుండా పోవచ్చు. కాని మా సంఘములో అందరికీ తెలిసినదే గనుక దాచి లాభము లేదు.

లూకా సువార్త 15వ అధ్యాయములో తప్పిపోయిన కుమారుని కథ మీకందరికి తెలుసు. అక్కడ ఇంకొక కొడుకు ఉన్నాడు. పెద్దవాడు. ఇల్లు విడిచి పోలేదు. ఆస్తి పాడు చేయలేదు. ఇన్ని ఏండ్లు నీకు చాకిరి చేశాను, నీ మాట ఒక్కసారి కూడా మీరలేదు అని తండ్రితో వాకిట్లో నిలబడి చెప్పినాడు. అది నిజమే, తండ్రి కూడా కాదనలేదు. అంత విధేయుడు. కాని తమ్ముని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు నా తమ్ముడు అనడు. నీ కొడుకు అంటాడు. లోపల విందు జరుగుతుంది, గడప దాటడు. ఇంట్లో ఉండి కూలివానిగా బతికినవాడు ఇతడు. ఎన్ని ఆజ్ఞలు పాటించినాడో లెక్క ఉన్నది, ఎవరి కొరకు పాటించినాడో మరిచిపోయినాడు.

మా ఇంట్లో నేను చిన్నవాడిని. అయినా కథలో పెద్దవాడిని నేనే.

ప్రాజెక్టుకు భూములు తీసుకున్నప్పుడు మా నాన్నగారి నాలుగెకరాలలో రెండెకరాలు పోయినవి. నాన్నగారు అప్పటికే లేరు. పట్టా మా అన్న పేరు మీద ఉన్నది. పరిహారము అన్న పేరు మీదనే వచ్చినది. నేను అప్పుడే చదువు ముగించి సంఘములో చేరినాను. సగము ఇవ్వమన్నాను. అన్న అన్న మాట నాకు ఈరోజుకూ చెవిలో ఉన్నది. "నీ చదువుకు ఎద్దులమ్మి పంపిస్తి. అప్పుడు అడగలేదే భాగము?" ఆయన మాటలో న్యాయము ఉన్నది. నా మాటలో కూడా న్యాయము ఉన్నదని నేను అనుకున్నాను. పులివెందులలో ఒక వకీలు దగ్గరకు పోయి అన్నకు నోటీసు పంపించినాను. అప్పటికి రెండు వారాల ముందే 1 కొరింథీయులకు 6వ అధ్యాయము మీద, విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యెమాడకూడదని, చాలా బాగా ప్రసంగము చేసి ఉన్నాను.

ఆరేండ్లు మాటలు లేవు. ఆ ఆరేండ్లలో నేను తప్పిన ఉపవాస దినము లేదు. దశమ భాగము పైసతో సహా ఇచ్చినాను. శుక్రవారము రాత్రి ప్రార్థన ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. మా అమ్మ అన్న దగ్గర ఉండేది. నన్ను చూడాలంటే తానే బస్సెక్కి వచ్చేది, నేను ఆ గడప తొక్కను గనుక. ఒకసారి పోయేటప్పుడు, "ఒక్క పూట ఇద్దరూ ఒకచోట కూచోని కూడు తినండి నాయనా, నేను చూస్తా" అన్నది. సరేలే అమ్మా అన్నాను. నాలుగో ఏడు ఆమె పోయినది. సమాధి దగ్గర అన్న అటు నిలబడినాడు, నేను ఇటు నిలబడినాను. మట్టి వేసి ఎవరి దారిన వారు పోయినాము.

నా విధేయతకు ఏమీ తక్కువ కాలేదు, చూడండి!

ఆ తరువాత రెండేండ్లకు, సంస్కారపు ఆదివారము నాడు మత్తయి 5వ అధ్యాయము వచ్చినది. బలిపీఠము దగ్గర కానుక పెట్టేటప్పుడు నీ సహోదరునికి నీ మీద ఏమైనా విరోధము ఉన్నదని గుర్తుకు వస్తే, ఆ కానుక అక్కడే విడిచి, ముందు పోయి సమాధానపడు అని ప్రభువు చెప్పిన భాగము. దాని మీద మాట్లాడినాను. నా సహోదరుడు నాకు గుర్తుకు రాలేదు. నిజముగా రాలేదు, అంత అలవాటు అయిపోయినది. గుడి బయట వాకిలి దగ్గర అందరికీ వందనాలు చెబుతూ ఉంటే మా ఊరి ముసలమ్మ ఒకామె నా చెయ్యి పట్టుకుని, "అన్న బాగుండాడా అయ్యగారూ?" అని అడిగినది. అంతే. ఆమె కావాలని అడిగిందో, ఊరికే అడిగిందో నాకు తెలియదు. బాగున్నాడమ్మా అన్నాను. బాగున్నాడో లేదో కూడా నాకు తెలియదు.

ఆ రోజే పోయినానని మీరు అనుకోవద్దు. మూడు వారాలు పట్టినది. పోయేటప్పుడు కూడా నా మనసులో అన్న మీద ప్రేమ లేదు. ఉన్నదని చెబితే అబద్ధమవుతుంది. బస్సులో కూర్చుని కూడా, నేను ఎందుకు తగ్గాలి అని నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. అయితే ఎందుకు పోయినాను? చెప్పినవాడు ప్రభువు గనుక. నాకు అన్న మీద ప్రేమ లేదు, ప్రభువు మీద కొంచెము ఉన్నది. ఆ కొంచెము పట్టుకునే పోయినాను.

వదిన బయట నాపరాళ్ళ అరుగు మీద శనక్కాయలు ఒలుస్తూ ఉన్నది. నన్ను చూసి లేచి, ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చినది. అన్న పొలము నుండి వచ్చే దాకా కూర్చున్నాను. వచ్చినాడు. ఆరేండ్లలో తల నెరిసిపోయినది. "ఇప్పుడొస్తివా?" అన్నాడు. అన్నా, నోటీసు వెనక్కి తీసుకుంటున్నాను, నాకు భాగము వద్దు, అమ్మ అడిగినప్పుడు రావలసినవాడిని, రాలేదు, తప్పు నాది అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపు తరువాత, "బోరులో నీళ్ళు పడిపాయ" అన్నాడు. వదిన ఇద్దరికీ ఒకేసారి సంగటి పెట్టినది, ఊరిబిండితో. తిన్నాము. చూడవలసిన మనిషి లేదు.

అప్పటి నుండి పోతూ ఉన్నాను. ఎన్నోసారి పోయినప్పుడో చెప్పలేను, బస్సు దిగి నడుస్తూ ఉంటే, అన్న ఇంట్లో ఉంటే బాగుండును అని మనసులో అనిపించినది. అప్పుడు తెలిసినది, ఎప్పుడో ప్రేమ వచ్చి చేరినదని. నేను పిలిస్తే వచ్చినది కాదు. అన్న ఈరోజుకు కూడా గుడికి రాడు. పండుగకు రమ్మంటే చూద్దాములే అంటాడు. మేము వాన గురించి, చీనీ ధర గురించి మాట్లాడుకుంటాము. మీరు ఆశించే సాక్ష్యము ఇది కాదని నాకు తెలుసు.

కాబట్టి ఎవరైనా నన్ను, ప్రేమ ముందా, విధేయత ముందా అని అడిగితే, నేను 1 యోహాను 4వ అధ్యాయము చివరికి పోతాను. ఆయనే మనలను మొదట ప్రేమించినాడని అక్కడ ఉన్నది. మొదటిది మన ప్రేమ కాదు, మన విధేయత కూడా కాదు. ఆయన ప్రేమ ముందు. దానికి మన దగ్గర నుండి ఒక చిన్న జవాబు పుడుతుంది. ఆ జవాబు కాళ్ళలోకి దిగి, పోవడానికి ఇష్టము లేని ఇంటికి నడుస్తుంది. అక్కడ ఉన్న మనిషి మీద మనకు లేని ప్రేమ ఆ నడకలో ఎక్కడో దొరుకుతుంది. నాకు అట్లా జరిగినది. మా గని తమ్మునికి బిడ్డ మీద ప్రేమ ముందు, హెల్మెట్టు తరువాత. నాకు బస్సు ముందు, అన్న మీద ప్రేమ తరువాత. ప్రభువు ఇద్దరినీ ఒకే వచనములో చేర్చుకున్నాడు.

మనసు మారిన తరువాత పోతాను, ప్రేమ వచ్చిన తరువాత మాట్లాడతాను, ఇప్పుడు పోతే అది వేషధారణ అవుతుంది అని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటే, నేను ఆ మాట ఆరేండ్లు చెప్పుకున్నవాడిని. నా తల్లి అంతకాలము ఆగలేకపోయినది.

మన ప్రసంగ సమయము ముగియవచ్చినది. ఉన్నచోటనే తలలు వంచండి.

ప్రభువా, ఈ మాటలు వింటున్న ఇండ్లలో గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు ఉన్న అన్నదమ్ములు ఉన్నారు. పొలము గట్టు దగ్గర, బోరు దగ్గర, కోర్టు మెట్ల దగ్గర ఆగిపోయినవారు ఉన్నారు. వారి తల్లులు ఇంకా బతికి ఉండగానే వారిని లేపుము. గనిలోకి దిగిన బిడ్డలను సాయంకాలము క్షేమముగా ఇల్లు చేర్చుము. మా బోరులలో నీళ్ళు, మా నేలకు వాన దయచేయుము. గుడికి రాని మా అన్నను జ్ఞాపకము చేసుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.